సుజాత నొక్కలేని బటన్

2002లో హిందూపురంలో నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. ఆ ఏడాది ఒక మధ్యాహ్నం నేను ఒక వస్తువును, దాన్ని ఎవరు వాడతారో పట్టించుకోకుండా బాగుచేశాను. అదే నా తప్పు.

ధర్మవరం నుంచి నారాయణ అనే నేతగాడు తువ్వాలులో చుట్టి ఒక ట్రాక్‌బాల్ తెచ్చాడు. అది ఉన్నచోటే ఉండే మౌస్. పైనున్న బంతిని వేలితో దొర్లిస్తే తెరమీద బాణం కదులుతుంది.

"మా పాపకు కాళ్లూ చేతులూ రావు సార్. కుడిచేతి బొటనవేలు ఒకటే ఆడేది. దీంతోనే చీర అంచులు గీస్తాది. ఇప్పుడు బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడతాండాది."

అన్నీ విన్నాను, చివరి మాటే పట్టించుకున్నాను. మైక్రోస్విచ్, అంటే బటన్ కింద టిక్కుమనే చిన్న డబ్బీ, అరిగిపోయింది. దాని బదులు నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే గట్టిది వేశాను. అడక్కపోయినా రెండో బటన్‌కూ అదే వేశాను. పాతవి పారేశాను. పదేళ్లు చూసుకోనక్కర్లేదని గొప్పగా చెప్పాను.

వారానికి ఆయన మళ్లీ వచ్చాడు. "మీరు బాగానే చేసినారు సార్. పాపకే నొక్కేకి కాలేదు."

షాపు నిండా జనం ఉన్నారు. "కొత్తది కదప్పా, అలవాటైతాదిలే" అని పంపేశాను. స్విచ్ కంటే ఆ మాటే పెద్ద తప్పు.

రెండు నెలల తర్వాత ధర్మవరంలో ఒక మానిటర్ పని పడితే, వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆయన చెప్పిన పాప, సుజాతకు ఇరవై ఏళ్లుంటాయి. తెరమీద ఒక్కో గడీ నింపుతూ గీసిన సగం పువ్వు ఉంది. బాణం ఒక గడిమీద ఆగి ఉంది.

"పనెందుకు ఆపినావమ్మా?"

"ఆపలేదు సార్. బాణం నేను పెడతా, నొక్కేది మాయమ్మ. ఆమె మగ్గానికి కండెలు చుట్టి రావాల గదా. తర్వాత ఏ గడో నాకు తెలుసు. కూచోని చూస్తాంటా."

మెత్తని స్విచ్ కోసం బెంగళూరు దాకా తిరిగాను. అన్నీ గట్టివే. చివరికి పెనుకొండ బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే మస్తాన్ సాయిబు దొరికాడు. కంటికి అద్దం పెట్టుకుని స్విచ్ విప్పాడు. లోపల గోరంత స్ప్రింగు రేకు.

"దీన్ని రుద్ది పల్చగ చేస్తే మెత్తనైతాది. ఎంత మెత్తన కావాల?"

"ఒక పాప బొటనవేలితో నొక్కేంత" అన్నాను.

"ఆ పాప యేలికి బలమెంత ఉండాదో చూడకుండానే వచ్చినావా ఏమబ్బా? మేము గడియారానికి పట్టీ వేసినా చెయ్యి చూసే వేస్తాం."

ధర్మవరం వెళ్లి, నా అరచెయ్యి ఆమె బొటనవేలి కింద పెట్టి నొక్కమన్నాను. ఈగ వాలినంత బరువు. సాయిబు చేతిమీద అంతే నొక్కి చూపించాను.

సాయిబు రుద్దిన మొదటి రేకు చాలినంత మెత్తబడలేదు. రెండోది విరిగింది. మూడోది బిగించిన రోజు సుజాత బంతి దొర్లించి నొక్కింది. గడి ఎర్రగా నిండింది. అలవాటు కొద్దీ వాళ్లమ్మ వచ్చి పక్కన నిలబడి చెయ్యి చాపింది.

"నువ్వు పోమ్మా, నేను చేసుకుంటాండా" అంది సుజాత, తెరమీంచి చూపు తిప్పకుండా.

ఏ వస్తువైనా విప్పేముందు వాడే మనిషిని అడగడం అక్కడే నేర్చుకున్నాను. పెళ్లిళ్లలో ధర్మవరం చీర కనపడితే ఇప్పటికీ అంచు చూస్తాను. ఆ నెలల్లో ఆమె గీయలేకపోయిన అంచులు ఎట్లా ఉండేవో అనిపిస్తుంది. వాటిని తెచ్చివ్వలేను. పల్చటి రేకు తొందరగా అరుగుతుంది కాబట్టి, సాయిబు రుద్దిన కొత్త స్విచ్ తీసుకుని ఆరు నెలలకొకసారి, షాపు ఎత్తేసేదాకా, ధర్మవరం బస్సు నేనే ఎక్కాను.