అక్కతో సముద్రం అడుగుకు

నాతో కారులో దూరం రావాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులు ముందే చెప్పేస్తాను. తెల్లవారకముందే బయల్దేరాలి. "పది నిమిషాల్లో వస్తున్నా" అనే మనిషిని వదిలేసి పోతాను, పోయిన సందర్భాలూ ఉన్నాయి. బస్సులు ఆగే హోటల్లో తినకూడదు, లారీలు ఆగిన చోట తినాలి. పక్క సీట్లో కూర్చుని నాకు డ్రైవింగ్ నేర్పకూడదు. నలభై దాటాక స్టీరింగ్ పట్టిన ఆడదాన్ని కాబట్టి నాకు ఊరంతా గురువులే. మానుకోటలో మా వీధి మలుపులో కారు వెనక్కి తీస్తుంటే చాయ్ బండి దగ్గరున్న మగాళ్లంతా చేతులూపుతారు, ఒక్కొక్క చెయ్యి ఒక్కో దిక్కు చూపిస్తుంది.

ఈ నియమాలను ఒక్కసారే సడలించాను, అక్క కోసం.

అక్క ఉండేది భూపాలపల్లిలో. బావ బొగ్గు గనిలో చేసి రిటైరయ్యాడు. అక్కకు మొదట సాయంత్రమైతే చూపు ఆనకుండా పోయేది. రేచీకటి అన్నారందరూ. వారం వారం మేక కార్జం వండి తినిపించారు. తర్వాత పట్టపగలు కూడా పక్కనున్న మనిషి కనపడటం మానేశాడు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు నేనే తీసుకెళ్లాను. కంటి వెనక తెర ఎండిపోతోందని, అంచుల నుంచి మొదలై చూపు లోపలికి మూసుకుపోతుందని, దీనికి మందు లేదని చెప్పారు. చూపు ఎంత కాలం ఉంటుందని అడిగితే డాక్టరమ్మ అక్క చెయ్యి పట్టుకుని, చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఆలస్యం చెయ్యకుండా చూసెయ్యమంది.

"ఇప్పుడెంత కనపడుతుందే?" అని తిరుగు ప్రయాణంలో అడిగాను.

అక్క చేతి గాజు ఒకటి తీసి కంటికి అడ్డం పెట్టుకుంది. "గింత. దీంట్లకెళ్లి చూసినట్టు."

జనగామ దాటాక ధైర్యం చేసుకుని, ఏం చూడాలనుందో చెప్పమన్నాను. కాశీ అంటుందనుకున్నాను. మనసులో అప్పుడే దారి లెక్కలు వేసుకుంటున్నాను.

"సముద్రం లోపటి చేపలు," అంది అక్క.

నవ్వాను. అక్క నవ్వలేదు. ఇంట్లో తోచక ఫోన్‌లో చేపల వీడియోలు చూస్తోందట. మనుషులు వీపుకు గాలి సిలిండర్లు కట్టుకుని సముద్రం అడుగున తిరుగుతుంటే రంగురంగుల చేపలు వాళ్ల చేతుల్లో నుంచే పోతుంటాయట. "అన్నీ సగం సగమే కనపడుతున్నయి చెల్లె. మనిషిని చూస్తే ముక్కు కనపడుతది, చెవులు కనపడయి. ఫోన్ చిన్నగుంటది గద, అదొక్కటే నాకు మొత్తం కనపడుతది. గందుకే గవే చూస్తున్న. ఒక్కసారి నిజంగ చూడాల్నని ఉంది."

బావకు చెబితే, "చేపలే గద, చెరువు కాడికి పోదాం పా," అన్నాడు. ఆయన అలాగే అంటాడు. బయల్దేరిన రోజు చీకట్లోనే లేచి నా కారు టైర్లలో గాలి చూసి, అద్దాలన్నీ తుడిచి, అక్క కూర్చునే వైపు అద్దాన్ని ఇంకోసారి తుడిచాడు.

అక్కకు నీళ్లంటే భయం లేదు, ఆ సంగతి చెప్పాలి. మాది జనగామ దగ్గరి పల్లె. వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ. అందుకే మా బావులు లోతు. మా బాపు మా ఇద్దరికీ పొలం బావిలోనే ఈత నేర్పాడు. ఆడపిల్లలకు ఈతేమిటన్నవాళ్లకు, నీళ్లు తోడేది వాళ్లే, పడితే తేలాల్సిందీ వాళ్లే అని జవాబు చెప్పేవాడు. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని మెట్ల దగ్గరే కొట్టుకునేదాన్ని నేను. అక్క గట్టు మీద నుంచి దుమికేది. బావిలో నీళ్లు పాచి పట్టి, వేపాకు కుళ్లి పచ్చగా ఉండేవి. కంట్లో పడితే రెండు రోజులు మండేది. అందుకని దుమికే ముందు బాపు పైనుంచి అరిచేవాడు: "కండ్లు మూసుకో బిడ్డా. నేను చెప్పేదాక తెరవకు." అక్క బావి అడుగుకు పోయి, మట్టి పిడికిట పట్టుకుని పైకి వచ్చి, బాపు తెరవమన్నాకే కళ్లు తెరిచేది. ఆ బావి ఇప్పుడు లేదు. బోర్లు పడ్డాక ఎండిపోయింది, తర్వాత పూడ్చేశారు.

మానుకోటలో మా ఇంట్లో ఒక పూట ఆగి బయల్దేరాం. బయ్యారం దగ్గర ఎర్రమట్టి రోడ్డు పక్క చెరువు వస్తే అక్క తల అటూ ఇటూ తిప్పి, ముక్కలు ముక్కలుగా దాన్నంతా చూసింది. అక్కతో ప్రయాణమంటే అదే, ఏది వచ్చినా కారు నెమ్మదించాలి. వెనక నుంచి హారన్లు కొట్టినవాళ్లను నేను తిట్టని తిట్టు లేదు. కొత్తగూడెం దాటాక లారీలు ఆగిన చోట ఆపి, అక్క చేసి తెచ్చిన సర్వపిండి, మామిడికాయ తొక్కు తిన్నాం. రాజమండ్రిలో గోదావరి మీదికి రాగానే రూపాయి బిళ్ల తీసి నుదుటికి అద్దుకుంది. వంతెన మీద నీళ్లలోకి బిళ్ల విసరకుండా మా ఇంట్లో ఎవరూ గోదావరి దాటరు.

"నీళ్లు ఎటున్నయే? చెప్పు, విసురుత."

"ఇప్పుడు విసురు," అన్నాను.

బిళ్ల వంతెన కమ్మీకి తగిలి ఖణేల్మని రోడ్డు మీదే పడింది. "పడ్డదా?" అని అడిగింది. పడిందన్నాను.

విశాఖ దగ్గర ఒక సముద్రపు ఒడ్డున స్కూబా డైవింగ్ చేయించేవాళ్లు ఉన్నారు. ఈత రాకపోయినా ఫర్వాలేదు, మన వెంట ఒక మనిషి సిలిండర్ పట్టుకుని దిగుతాడు. అక్కను దింపడానికి ఒప్పుకున్నది యాభై దాటిన గోదావరి జిల్లా మనిషి. మా మాట వినగానే, "తెలంగాణ నుంచా అండీ, సినిమాల్లో వింటుంటాం మీ భాష," అన్నాడు. సినిమాల్లో మా భాష మాట్లాడేది ఎవరో, ఎందుకు మాట్లాడతారో అతనికి ఒక పాఠం చెప్పాలని నోటిదాకా వచ్చింది. అక్క నా మోచెయ్యి గిల్లింది. మనిషి మంచివాడు. అక్క చూపు సంగతి చెబితే శ్రద్ధగా విన్నాడు. డాక్టర్ దిగవచ్చన్నదీ లేనిదీ అడిగి తెలుసుకున్నాడు. వెలుతురు బాగా ఉండే చోటే దింపుతానన్నాడు.

నీళ్లలో మాటలుండవు కాబట్టి ముందు సైగలు నేర్పించారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే బాగున్నట్టు. బొటనవేలు పైకి చూపిస్తే పైకి వెళ్దామని. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ఏదో ఇబ్బందని. పక్క నుంచి సైగ చేస్తే అక్కకు కనపడదు కదా అని నేనే ఒక ఉపాయం చెప్పాను. అతను భుజం మీద రెండుసార్లు తడతాడు, బాగుంటే అక్క వేళ్లతో సున్నా చూపిస్తుంది. అక్క అన్నీ ఇట్టే పట్టేసింది. నోటితో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం నాకు చేతకాక దగ్గుతుంటే, మెట్ల దగ్గర కొట్టుకుంటున్న చెల్లెల్ని చూసినట్టే చూసింది.

నాతో దిగడానికి వేరే మనిషి ఉన్నాడు. పడవ మీది నుంచి మొదట అక్కను దింపారు, తర్వాత నన్ను. దిగిన కాసేపటికి నా భయం సర్దుకుంది. నీళ్లు పచ్చగా, తేటగా ఉన్నాయి. కొంచెం దూరంలో అక్క. ఒక బండరాయి దగ్గర ఆమెను ఆపాడతను. చుట్టూ పసుపు చారల చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. నా వెంట ఉన్న మనిషికి వేలితో చూపించి అటు తీసుకెళ్లమన్నాను. అక్క చేపల్ని చూస్తుంటే అక్క ముఖం చూడాలి, నేను అంత దూరం కారు నడిపింది దానికోసమే.

దగ్గరికి వెళ్లి మాస్కు అద్దంలోకి చూశాను. అక్క కళ్లు మూసుకుని ఉంది.

నీళ్లు తగిలి రెప్పవేసిందేమో అనుకున్నాను. ఆగి చూశాను. గట్టిగా కాదు, హాయిగా మూసుకుని ఉంది. వెనకున్న అతను భుజం తట్టాడు. అక్క వేళ్లతో సున్నా చుట్టి చూపించింది. ఒక చేప ఆమె అద్దానికి తగిలేంత దగ్గరగా వచ్చి పోయింది.

కళ్లు తెరువు అని చెప్పడానికి సైగ లేదు. నేను భుజం తట్టాను. అతనే అనుకుని సున్నా చూపించింది. అద్దం మీద వేలితో కొట్టాను. ముఖం కొద్దిగా నవ్వింది, మళ్లీ సున్నా. రెండు చేతులూ పట్టుకుని ఊపాను. అప్పుడు నా వెంట ఉన్న మనిషి నేనే బెదిరిపోయాననుకుని నన్ను అక్క నుంచి విడదీసి పైకి తీసుకొచ్చేశాడు. తల బయటపడగానే నోట్లోని గాలి గొట్టం పీకేసి అరిచాను. "కండ్లు తెరువుమను, మా అక్కను కండ్లు తెరువుమను."

"ఆవిడ బానే ఉన్నారండీ, మీరే కంగారు పడ్డారు," అన్నాడతను. ఇంకోసారి చెప్పేలోగానే అక్కను కూడా పైకి తెచ్చేశారు.

పడవలో అక్క తల తుడుచుకుంటోంది. ఎలా ఉందండీ అని గోదావరి జిల్లా మనిషి ఆశగా అడిగాడు. "మస్తు చూసిన అన్నా. నీ రుణం తీర్చుకోలేను," అంది అక్క. అతని ముఖం వెలిగిపోయింది. ఈమధ్య ఇంత తేటగా నీళ్లు లేవని, అదృష్టవంతులని అన్నాడు. నేను సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను.

మర్నాడు ఇంకోసారి దింపిద్దామని ఏదో ఒక సాకు సిద్ధం చేసుకున్నాను. తెల్లారేసరికి గాలి మొదలైంది. పడవలు కట్టేశారు. ఆ మర్నాడూ అంతే. అక్క ఒడ్డున నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది, నేను పడవల వాళ్లతో పోట్లాడుతూ తిరిగాను. గాలితో పోట్లాడలేక వాళ్లతో పోట్లాడానని వాళ్లకూ తెలుసు. చాయ్ తాగమన్నారు.

తిరుగు దారిలో గోదావరి వచ్చినా అక్క బిళ్ల తీయలేదు, నిద్రపోతోంది. నాకు అందరి మీదా కోపం వచ్చింది. పూడ్చేసిన బావి మీద, ఎప్పుడో పోయిన బాపు మీద, భుజం తట్టే ఉపాయం చెప్పిన నా తెలివి మీద. చూశానని అక్క చెప్పాక, చూడలేదు నువ్వు అని ఎలా అనగలను? అశ్వారావుపేట దగ్గర అడవిలో కారు ఆపి, టైరు చూడాలని దిగి, ఏడ్చి వచ్చాను.

చలికాలంలో మళ్లీ తీసుకెళ్దామనుకున్నాను. అప్పటికి గాజు ఉంగరమైంది. ఎండాకాలానికి అదీ లేదు. ఇప్పుడు అక్కకు వెలుతురు ఎటు ఉందో మాత్రం తెలుస్తుంది.

మొన్న భూపాలపల్లి వెళ్లాను. దారిలో మొగుళ్లపల్లి దగ్గర ఆగి అక్కకు ఇష్టమని చిక్కుడుకాయలు కొన్నాను. మధ్యాహ్నం వరండాలో ఇద్దరం కూర్చుని ఈనెలు తీస్తున్నాం. అక్క చేతులు నా కన్నా చకచకా ఆడుతున్నాయి. బావ లోపల పడుకున్నాడు.

"చెల్లె, గా చేపలు ఎట్లున్నయో చెప్పవే," అంది.

"నువ్వు చూసినవు గద."

"నేనెక్కడ చూసిన." అక్క చిక్కుడుకాయ తుంచుతూనే ఉంది. "నీళ్లు ముఖానికి తగలంగనే బాపు మాట యాదికొచ్చింది. రెప్పలు మూసుకున్నయి. తెరవాల్ననే అనుకున్న. కానీ మన బాయిల ఉన్నట్టే ఉండె, బాపు పైన గట్టు మీద నిలబడ్డట్టే ఉండె. పిలుస్తడేమో అని చూసిన. పైకొచ్చినంక సమజైంది ఏం పోగొట్టుకున్ననో. గా అన్న అంత మంచిగ అడిగితే ఏమని చెప్పాలె? నువ్వు కూడ గంత దూరం తోలుకపోతివి." ఇంకో కాయ అందుకుని, "నువ్వు దిగినవు గద. నువ్వు చూసిందే చెప్పు," అంది.

కల్పించి చెప్పొచ్చు. అక్క ఫోన్‌లో చూసిన వీడియోలు నేనూ చూశాను, రంగులకేం తక్కువ లేదు. కానీ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నేను చేపల్ని చూడలె అక్కా. నిన్నే చూసిన."

అక్క చేతులు ఆగిపోయాయి. ఏడుస్తుందనుకున్నాను. బుట్ట పక్కకు జరిపి, నా మోకాలు వెతికి పట్టుకుంది.

"అయితే నేనెట్లున్ననో చెప్పు," అంది. "నా ముఖం నేను చూసుకోక శాన దినాలైంది."

చెప్పాను. జుట్టు ముడి వదులై వెంట్రుకలు పైకి లేచి మెల్లగా ఊగాయని చెప్పాను. నుదుటి మీద ఒక్క ముడత కూడా లేదని, బొట్టు చెరగలేదని, కాలి మట్టెలు మెరిశాయని చెప్పాను. ఒక చేప ముద్దు పెట్టుకోవడానికి వచ్చినట్టు ముఖం దాకా వచ్చి పోయిందని చెప్పాను. బావిలో నుంచి మట్టి పట్టుకుని పైకి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉందని చెప్పాను. తెరిచినా మూసినా ఇప్పుడు ఒకటే అయినా, అక్క కళ్లు మూసుకుని వింది.