పరుపులమ్మ సూది

ఆ వీధిలో అందరూ ఆమెను పరుపులమ్మ అనేవారు. దూది పరుపులు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి కూడా. కూతురు ఉద్యోగానికి పోతే మనవరాలు ఈమె దగ్గరే, దూది కుప్పల మధ్యే పెరిగింది. సూదిలో దారం ఎక్కించే పని ఆ పిల్లది.

ఎండలు ముదిరితే పిల్ల కళ్ళు ఎర్రబడేవి. ఒకటే దురద, తీగలు సాగే పుసి, వెలుగు చూడలేకపోయేది. ఒకసారి ఎవరో డాక్టరు రాసిన చుక్కలు వేస్తే మంత్రం వేసినట్టు తగ్గింది. ఇంకేం, పరుపులమ్మే డాక్టరైపోయింది. కళ్ళు ఎర్రబడ్డప్పుడల్లా ఖాళీ సీసా చూపించి మందుల షాపులో అవే తెచ్చి వేసేది. వైద్యం తన చేతిలోనే ఉందని వీధంతా చెప్పుకుంది కూడా.

ఒకరోజు దారం సూది పక్కనుంచి పోయింది. మళ్ళీ పోయింది. పిల్ల నవ్వేసింది గానీ పరుపులమ్మ ఆ పూటే కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది.

కంటి డాక్టరమ్మ ఉన్నమాట చెప్పింది. ఇది గట్టి ఎలర్జీ, దుమ్ముకి రేగుతుంది. రెప్పల లోపలి గరుకు నల్లగుడ్డుని గీరి పుండు చేసింది, అందుకే మసక. ఆ చుక్కలు స్టెరాయిడ్. డాక్టరు చూస్తుండగా కొద్దిరోజులే వాడాలి. ఇష్టమొచ్చినట్టు వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, అలా పోయిన చూపు తిరిగి రాదు. ఒత్తిడి అప్పటికే పెరిగింది.

"నా చేత్తో నేనే వేశానమ్మా" అంది పరుపులమ్మ.

"ఇక ఈ కొత్తవి కూడా ఆ చేత్తోనే వెయ్యండి" అంది డాక్టరమ్మ.

కొత్త చుక్కలు మెల్లగా పనిచేసేవి, పైగా మంట. పాతవే కావాలని పిల్ల కాళ్ళావేళ్ళా పడింది. షాపు చూస్తే కూతవేటు దూరం. పరుపులమ్మ చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పేసింది. ఇన్నాళ్ళకి ఆ మొండితనం అక్కరకొచ్చింది. చన్నీళ్ళ గుడ్డ కళ్ళ మీద వేసి కథలు చెప్పింది. మండదని మాత్రం ఒక్కసారీ అబద్ధమాడలేదు.

దూదిని ఇంట్లోంచి గెంటేసింది. వీధి చివర రేకుల షెడ్డులో కుట్టి, తలస్నానం చేసి, బట్టలు మార్చుకుంటేగానీ పిల్లని ముట్టుకునేది కాదు. ఆ వయసులో ఎవరు పడతారండీ అంత శ్రమ?

కొన్ని నెలలకి పుండు మానిందన్నారు, ఒత్తిడి దిగిందన్నారు. ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంటికి రాగానే సూదీ దారమూ పిల్ల చేతిలో పెట్టింది.

పిల్ల ఎక్కించలేదు. దారం కళ్ళ ముందు పట్టుకుని అలాగే చూస్తోంది.

"అమ్మమ్మా, కొస చీలింది. సన్న పోగొకటి పక్కకొచ్చింది, కనపడట్లేదా?"

"నాకు కనపడట్లేదే" అంది పరుపులమ్మ. ఆ మాట అంత సంతోషంగా అన్న ముసలమ్మ ఇంకొకరు ఉండరు.