కరెంటు కంపెనీ మీద అర్జీ

రాత్రి గాలివానకు మా వీధి స్తంభం మీద కరెంటు తీగను మోసే పింగాణీ బుడ్డి పగిలింది. యుద్ధం మూలాన ఇంగ్లండు నుంచి సీమ సరుకు రావడం లేదు. ఇలాంటివి నాలుగు ముందే దాచి ఉంచొద్దా అని బందరు కరెంటు కంపెనీ మీద పొద్దున్నే ఘాటుగా అర్జీ రాశాను. సంతకం పెడుతుంటే లైన్‌మన్ వచ్చాడు.

"మీ మాగాయ జాడీ మూత మీద బుడ్డి ఒకటుందండీ. ఇప్పించండి."

"నీకెలా తెలుసు?"

"నిరుడు అమ్మగారు బరువుకి ఏదైనా కావాలంటే, కంపెనీ గోడౌన్‌లోంచి నేనే తెచ్చిచ్చానండీ."

సాయంత్రానికి వీధంతా దీపాలు వెలిగాయి. జాడీ మీద ఇప్పుడు ఇటుక ఉంది. అర్జీ పంపలేదు. మీరూ ఇలాంటి అర్జీ రాసేముందు ఒకసారి వంటింట్లోకి తొంగి చూసి, ఏం కనబడిందో చెప్పండి.