మామ ఆఖరి కూత

మొన్న పక్కింటివాళ్ల టీవీలో కబడ్డీ వస్తోంది. కూతగాడి మెడకే మైకు కట్టారు కాబోలు, "కబడ్డీ కబడ్డీ" అని గోడ దాటి మా వంటింట్లోకి వినిపిస్తోంది. వింటూ నిలబడ్డాను, పప్పు మాడిపోయింది. తప్పు నాది కాదు, మా మేనమామది.

మామది మెట్‌పల్లి. ఆయన కూతకొస్తే అవతలి జట్టు గోడకంటుకున్న బల్లుల్లా వెనక్కి జరిగేదట. ఆ ఆట చూసి ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లువాళ్లు ఆయన్ని తమ జట్టు కోసం పనిలో పెట్టుకున్నారు. పొద్దంతా పత్తి, సాయంత్రం ఆట. జట్టులో సగంమంది మరాఠీవాళ్లు. వాళ్లు కబడ్డీ అనరు, "హుతుతు" అంటూ కూతకెళ్తారు. కొన్నేళ్లకు మామకూ అదే అలవాటైంది. సెలవుల్లో మాకూ నేర్పాడు. హుతుతు అంటూ అత్త ఆరబోసిన మిరపకాయలు తొక్కి మేం తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు.

డెబ్బైల చివర్లో కరీంనగర్‌లో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు పెట్టారు. మామకు వయసు మీరుతోంది, ఇది తప్పితే ఇంకో అవకాశం లేదు. ఎంపికైతే మిల్లు వదిలి సర్కారు నౌకరీలో చేరొచ్చని ఆశ. మా బాపు నన్నూ చూడ్డానికి తీసుకెళ్లాడు. ఆఖరి కూతలో మామ కబడ్డీ అంటూనే వెళ్లాడు, ఇద్దర్ని తాకాడు. మూడోవాడు కాలు పట్టుకున్నాడు. వాణ్ణి ఈడ్చుకుంటూ వచ్చి గీత ముట్టాడు. మేం గంతులేస్తుంటే అంపైర్ ఈల ఊది అవుట్ అన్నాడు. కాలు చిక్కగానే మామ నోట హుతుతు వచ్చిందట. పోటీలో ఆ కూత చెల్లదు.

"అలవాట్ల వచ్చింది సార్, జర మళ్లొక్కపారి పంపుండ్రి," అని మామ చేతులు జోడించాడు. అంపైర్ తల అడ్డంగా ఊపాడు. నియమం నియమమే గానీ, ఆ మనిషి మీద నాకిప్పటికీ కోపం పోలేదు.

మామ పేరు రాలేదు. తిరిగి మిల్లుకే పోయాడు. ఆనాటి నుంచి సైకిల్ తొక్కుతూ దారి పొడుగునా "కబడ్డీ కబడ్డీ" అనేవాడు. జనం నవ్వేవారు.

"ఇగ నిన్నెవలు పిలుస్తరు?" అని అత్త అడిగేది.

"పిలిస్తే తయారుండాలె గదా," అనేవాడు మామ.

తర్వాత మిల్లు మూతపడింది, జట్టు చెదిరిపోయింది. పత్తి దుమ్ముకు ఊపిరి చెడి సైకిలూ మూలపడింది. అయినా అరుగు మీద కూర్చుని అదే కూత పెట్టేవాడు, కాసేపటికే దగ్గు తెర కమ్మేది. తొంభైల్లో ఆయన పోయేదాకా ఎవరూ పిలవలేదు. ఆ ఒక్క మాట నోటికి కుదిరేసరికి ఆయన ఆడే కాలం ఎప్పుడో అయిపోయింది.