రత్నాలమ్మ హస్తవాసి

ఉద్దానంలో ఆ చుట్టుపక్కల ఎవరికి కామెర్లు వచ్చినా ఆస్పత్రి కంటే ముందు రత్నాలమ్మ గుర్తొచ్చేది. కొబ్బరితోటలో నేల ఉసిరి పీకి, రోట్లో నూరి, ఆ పసరు మేకపాలలో కలిపి పరగడుపున తాగించేది. పథ్యం తప్పినవాళ్ళకు తిట్లు కూడా ఉచితమే. ఆవిడ హస్తవాసి అలాంటిదని జనం అనేవారు. ఆవిడా నమ్మింది. ఎందుకు నమ్మదు? బాగైనవాళ్ళు కళ్ళ ముందే తిరుగుతుంటే!

ఆవిడ భర్త కిడ్నీలు పాడై చనిపోయాడు. అప్పట్నుంచి కొడుకు పోలారావును నొప్పి బిళ్ళ ముట్టనిచ్చేది కాదు.

"ఆటివల్లే మీ అయ్య పోనాడు. జరం బిళ్ళలు మింగు, ఆటితో ఏటీ అవదు" అనేది.

మొన్న వానల్లో పోలారావుకు జ్వరం, ఒళ్ళంతా నొప్పులు. తల్లి మాట ప్రకారం జ్వరం బిళ్ళలే మింగాడు. తగ్గకపోతే మళ్ళీ మింగాడు. తిండి సయించక ఖాళీ కడుపు మీదే అట్టలకు అట్టలు అయిపోయాయి.

కళ్ళు పచ్చబడ్డాయి. కోడలు ప్రమోదిని పలాస తీసుకెళ్ళి రక్తం తీయించింది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో రక్తం తీయించడమంటే కిడ్నీల కోసం క్రియాటినిన్ చూపించుకోవడమే. వేరే పరీక్ష ఎవరికీ తోచలేదు.

"కిడ్నీలు బాగున్నాయంట అత్తా!" అని వాకిట్లోంచే కేకేసింది. రత్నాలమ్మ ఆనందంతో కోడలి నోట్లో పంచదార పోసింది.

"ఒట్టి కామెర్లేనా? అయితే ఈణ్ని నాకొగ్గీ."

పసరు పట్టింది. కక్కేశాడు. మళ్ళీ పట్టింది. మర్నాటికి తల్లి ముఖంలోకి చూసి "నువ్వెవలు?" అన్నాడు.

విశాఖ ఆస్పత్రికి తీసుకెళ్తే, డాక్టరు బిళ్ళల సంగతి విని తల పట్టుకున్నాడు. మోతాదు మించితే ఆ పారాసిటమాల్ జ్వరం బిళ్ళలే కాలేయాన్ని చంపేస్తాయనీ, మొదట్లోనే తెస్తే విరుగుడు మందు బాగా పనిచేసేదనీ, ఇప్పుడు ఆశ తక్కువనీ చెప్పాడు.

"మరి మా పసరు బాబూ?"

"ఎలకల్లో కాలేయాన్ని కొంత కాపాడిందని పరిశోధనలున్నాయమ్మా. ఇంత దెబ్బ తిన్న మనిషిని నిలబెడుతుందన్న రుజువు లేదు. మీ దగ్గర తగ్గినవి చాలావరకు వాటంతటవే తగ్గే కామెర్లు."

"అయితే ఇన్నాళ్ళూ నా సెయ్యి ఏటీ సెయ్యనేదా?"

ఆవిడకు ఆ క్షణంలో బతకాలనిపించలేదు. పోలారావు ఆ వారమే పోయాడు.

పెద్దకర్మ మర్నాడు పొద్దున్నే పొరుగూరి చిన్నతల్లి కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"నా దగ్గరేటీ నేదు. ఆస్పత్రికెల్లు తల్లీ, ఇప్పుడే ఎల్లు" అంది రత్నాలమ్మ.

"నీ కొడుకు పోనాడని నా పిల్ల మీద కచ్చేటి అత్తా?"

రత్నాలమ్మ తలుపేసుకుని కూలబడింది. కాసేపటికి పెరట్లో చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే, చిన్నతల్లి తోటలోంచి నేల ఉసిరి పీక్కొచ్చి రోట్లో నూరి పసరు పిండుతోంది. రత్నాలమ్మ లేచి తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"ఆవిడి రోలే అమ్మా, ఆవిడి సెయ్యున్నట్టే. తాగీ" అంటోంది చిన్నతల్లి పిల్లతో.