కుక్క మెడలో చెరకు తోట బిళ్ళ

మా ఇంట్లో వెస్టిండీస్ అంటే క్రికెట్. ఆ దీవుల పాత టోకెన్ బిళ్ళలు పోగుచేస్తున్నానని చెప్పినప్పుడు మా ఆయన అవి పాత మ్యాచ్‌ల టికెట్లనుకున్నారు. కాదని చెప్పాను. బ్రిటిష్ వాళ్ళ కాలంలో అక్కడ కొన్ని చెరకు తోటల్లో కూలీలకు డబ్బుకు బదులు ఇత్తడి బిళ్ళలు ఇచ్చేవాళ్ళు. అవి ఆ తోట కొట్లో తప్ప ఇంకెక్కడా చెల్లేవి కావు. చిల్లర దొరక్క ఊళ్ళో వర్తకులు తమ పేరు మీద కొట్టించుకున్న రాగి బిళ్ళలు వేరే ఉన్నాయి. ఆయన అంతా ఓపిగ్గా విని, "బానే ఉంది. మరి మనకెందుకు?" అన్నారు.

ఎందుకో నాకూ తెలియదు. నేను ఒక కంపెనీలో జీతాల సాఫ్ట్‌వేర్ చూస్తాను. దానివల్లే ఈ సరదా పుట్టిందని ఆఫీసులో చెబుతుంటాను. వాళ్ళు నమ్ముతారు.

సిడ్నీలో ఈ బిళ్ళలు కావాలనుకునే మనిషిని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఒక శనివారం సిటీలో జరిగిన నాణేల వేలానికి వెళ్ళాక ఆ భ్రమ పోయింది. ట్రినిడాడ్‌లోని ఒక తోట బిళ్ళ వచ్చింది. దాని మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు, కింద ఒక అంకె, అంతే. నేను చెయ్యెత్తాను. ముందు వరసలో తెల్లటి టోపీ పెట్టుకున్న ముసలాయన చెయ్యెత్తాడు. మిగతా హాలంతా ఫోన్లు చూసుకుంటోంది. కాసేపు మేమిద్దరమే చేతులెత్తుకున్నాం. చివరికి ఆయన చెయ్యి దింపేశాడు, బిళ్ళ నాకు దక్కింది.

బయట కాఫీ దగ్గర ఆయనే పలకరించాడు. చూడ్డానికి అచ్చం మనవాడే. తెలుగులో మాట కలపబోయాను. తనకు ఇంగ్లీషు తప్ప ఏమీ రాదన్నాడు. పుట్టింది ట్రినిడాడ్, ఉండేది ఇక్కడే, సిడ్నీలోని పెండిల్ హిల్‌లో. అక్కడి ఇండియన్ షాపుల్లో అందరూ ఆయనతో తలో భాషలో మాట్లాడతారట, ఆయన అన్నిటికీ తలూపి ఉల్లిపాయలు కొనుక్కుని వస్తాడట. ఆయన ఇంగ్లీషులో అన్న మాటలు ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

"ఆ బిళ్ళ మా నాయనమ్మ పనిచేసిన తోటది. నాకివ్వగలవా?"

"ఎందుకు అంకుల్?" అన్నాను. మ్యూజియానికనో మనవలకనో అంటాడనుకున్నాను.

"కన్నం పెట్టి మా కుక్క మెడలో కట్టాలి."

బిళ్ళలు పోగుచేసేవాళ్ళకు కన్నం పడిన బిళ్ళంటే ముక్కు విరిగిన విగ్రహంతో సమానం. నేను కాఫీ కప్పు కింద పెట్టాను. ఆయన మాత్రం పంచదార కలుపుకుంటూ మామూలుగా చెప్పుకొచ్చాడు. ఇండియా నుంచి ఓడలో కూలికి వెళ్ళిన నాయనమ్మ ఆ తోటలో చెరకు నరికేది. ఒకరోజు తోట చేతులు మారింది. కొత్త దొర పాత బిళ్ళలు చెల్లవన్నాడు. ఆమె దగ్గర మిగిలిన బిళ్ళను ఏం చెయ్యాలో తోచక, మేకుతో కన్నం పొడిచి మేక మెడలో కట్టింది. చిన్నప్పుడు ఆయన ఆ చప్పుడు విని మేక ఎక్కడుందో కనుక్కునేవాడు. తర్వాత మేకా పోయింది, దాంతో బిళ్ళా పోయింది.

"ఇప్పుడు మేకను పెంచుకోడానికి మా ఏరియా కౌన్సిల్ ఒప్పుకోదు," అన్నాడు.

ఆలోచించి చెబుతానన్నాను. ఇవ్వకూడదనే ఆలోచించాను.

ఇంట్లో అన్నం తింటూ సంగతంతా చెప్పాను.

"మనవాళ్ళేమో కనుక్కోకపోయావా? ఆవిడ మన కాకినాడ వైపు నుంచే ఓడెక్కిందేమో!" అన్నారు మా ఆయన.

"అడిగానండీ. కలకత్తా రేవులో ఎక్కిందట."

"ఓహో," అని ఆయన పెరుగు వేసుకున్నారు.

మా అమ్మాయి యూనివర్సిటీకి వెళుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. "అమ్మా, ఇట్స్ లిటరల్లీ హిజ్ గ్రాండ్‌మాస్," అంది.

"కాదే, ఆవిడది మేకతో పోయింది. ఇది అలాంటిదే ఇంకోటి," అన్నాను.

"దట్స్ వర్స్," అంది. ఎలా వర్సో చెప్పకుండా పైకి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఆల్బమ్ తీసి ఆ బిళ్ళను చూస్తూ వచ్చాను. అంతకుముందు చూసినప్పుడు అంచు బాగుందా, అక్షరాలు అరిగాయా అనే చూసేదాన్ని. ఇప్పుడు దాన్ని ఎవరో జేబులో వేసుకుని కొట్టుకు వెళ్ళడం, అక్కడ ఉప్పో బియ్యమో అడగడం గుర్తొచ్చేది. నేను చూడని మనుషులు గుర్తు రావడమేమిటో! చిరాకేసి అంకుల్‌కు ఫోన్ చేసి, ఇస్తానన్నాను.

ఆదివారం పొద్దున పెండిల్ హిల్ వెళ్ళాను. బిళ్ళకు బదులుగా ఆయన రెండు జమైకా బిళ్ళలు సిద్ధంగా పెట్టాడు. మంచివి. కుక్క మాత్రం నేను ఊహించుకున్నంత గొప్పగా లేదు. పొట్టిగా, లావుగా, ఒక చెవి మడిచిపెట్టుకుని ఉంది. ఆయన గరాజ్‌లో డ్రిల్ బయటికి తీశాడు. కళ్ళజోడు పైకి తోసుకుని మొన బిళ్ళ మీద ఆనించాడు. కన్నం అంకె మీద పడేలా ఉంది.

"అంకుల్, ఇలా ఇవ్వండి," అన్నాను.

అంచుకు దగ్గరగా పెన్నుతో చుక్క పెట్టి కన్నం నేనే వేశాను. ఇత్తడి సన్నగా మెలికలు తిరుగుతూ నేల మీద రాలింది. ఆయన రింగు వేసి పట్టీకి తగిలించాడు. కుక్క ఒళ్ళు విదిలించింది. పట్టీకి ముందే ఉన్న పేరు బిళ్ళకు ఇది తగిలి టింగుమంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇదేనా అంకుల్ ఆ చప్పుడు?"

"కాదు. అది ఇంతకంటే మొద్దుగా ఉండేది," అన్నాడు. కుక్క తల నిమిరి, "ఫరవాలేదు," అన్నాడు. జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు, ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను డ్రిల్ వైరు చుట్టి అరలో పెట్టాను.

నాణేల క్లబ్బులో ఈ సంగతి చెప్పడం పొరపాటయింది. అక్కడ ఒక పెద్దమనిషి నాతో మాట్లాడటం మానేశాడు. మా ఆయన మాత్రం మొదటిసారి నా సరదా గురించి స్నేహితుల ముందు చెప్పారు, మొదట్నుంచీ తానే ప్రోత్సహించినట్టు.

ఇప్పుడు పప్పులకని అటు వెళ్ళినప్పుడల్లా అంకుల్ ఇంట్లో ఒక టీ తాగి వస్తాను. మొన్న పార్కులో ఒకావిడ ఈ కుక్క తప్పిపోయిందనుకుని, ఆ బిళ్ళ తిప్పి ఫోన్ నంబర్ కోసం వెతికిందట. రెండక్షరాలు, ఒక అంకె చూసి ఏమీ పాలుపోలేదట. అంకుల్ అది చెబుతుంటే కుక్క నా కాళ్ళ దగ్గరికి వచ్చి పడుకుంది. వంగి చూశాను. ఒక అక్షరం సగం అరిగిపోయింది. అంకుల్ ఇంకో బిస్కెట్ తీసుకోమన్నాడు, తీసుకున్నాను.