డిలీట్ సైదయ్య సార్

సైదయ్య సార్‌కి బీపీ లేదు, షుగర్ లేదు, మోకాళ్ళ నొప్పులు లేవు. ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరైనా నాలుగు వాక్యాలు రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే ఆయన బొటనవేలు దురద పెడుతుంది. డిలీట్ కొడితే గానీ ఆ దురద తీరదు.

మా గ్రూపు పేరు 'మూసీ తీర రచయితల వేదిక'. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, చుట్టుపక్కల మండలాల్లో కలం పట్టినవాళ్ళందరూ అందులో ఉన్నారు. కలం పట్టనివాళ్ళు కూడా ఉన్నారు, గుడ్‌మార్నింగులు పెట్టేది వాళ్ళే. సైదయ్య సార్ దానికి అధ్యక్షుడు, ఒకే ఒక్క అడ్మిన్. నేను కార్యదర్శిని. అంటే సభ ఉన్న రోజు కోదాడలో పొద్దున్నే బస్సెక్కి వచ్చి కుర్చీలు వేసేవాణ్ణి. మిగతా రోజుల్లో ఫోటో స్టూడియో చూసుకుంటాను. నా పేరు బాలాజీ.

సార్ ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. సూర్యాపేట బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎంత లేటో చెప్పడం ఆయన పని. ఉద్యోగం వదిలింది గానీ ఆ భాష మాత్రం ఆయన్ని వదల్లేదు. గ్రూపులో ఏ కవిత ఎగిరిపోయినా దాని కింద ప్రకటన పడేది.

"సభ్యులకు విజ్ఞప్తి. త్రిపురారం ఉపేందర్ గారి 'వానా, రావే' అను కవిత తొలగించడమైనది. కారణం: కల్లాల్లో వడ్లు ఆరబోసుకున్న రైతుల మనసు నొచ్చును. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఉపేందర్ స్వయంగా వరి రైతు. తన మనసు తన కవితకే ఎలా నొచ్చుకుంటుందో తెలియక పాపం నెల రోజులు కలం ముట్టలేదు. అలా అని మేం అనుకున్నాం.

తర్వాత ఆత్మకూరు నుంచి అంగన్‌వాడీ టీచర్ గీత అత్తాకోడళ్ళ మీద కథ పెట్టింది. మంచి కారంగా ఉంది. సగం చదివేసరికి మాయం. కారణం: కథలో పచ్చిపులుసును చులకన చేసినట్టు ధ్వనించుచున్నది. నాకు ఒళ్ళు మండి ఫోన్ చేశాను.

"ఏంటి సార్ ఇది? పచ్చిపులుసుకి కూడా మనోభావాలుంటాయా?"

"పులుసుకు లేకపోవచ్చు బాలాజీ. పోస్కొని తినేటోళ్ళకు ఉంటయి గదా!"

"మరి రేపు సాంబారు మీద రాస్తే?"

"సాంబారుది మన జిల్లా గాదు. రాసుకోమను."

ఈ మనిషితో ఏం వాదిస్తాం! నేను రాసిన 'బట్టతల చంద్రుడు' కూడా అలాగే పోయింది. బట్టతల సభ్యుల ఆత్మగౌరవం దృష్ట్యా తీసేశారట. గ్రూపు మొత్తం మీద నికరమైన బట్టతల నాదొక్కడిదే. నా ఆత్మగౌరవాన్ని నా నుంచే కాపాడారు మహానుభావుడు.

ఓసారి ఇంటికెళ్ళి నిలదీద్దామని కూర్చుంటే, ఆయన భార్య శాంతమ్మ గారు చాయ్ ఇస్తూ తన గోడు మొదలుపెట్టారు. "మీరన్న నయం తమ్మీ. నేను ఏదన్న మాట్లాడదామని నోరు తెరిస్తే సాలు, నా మొకం దిక్కు సూస్కుంట ఫోన్ల బటన్ ఎతుకుతడు."

సార్ మీద అందరికంటే ఎక్కువ మండేది రాకేష్‌కి. సూర్యాపేట కుర్రాడు, మా విప్లవకవి. పోటీ పరీక్షలకు చదువుకుంటూ మధ్య మధ్యలో విప్లవం చేస్తుంటాడు. ఆఫీసర్లందరూ దొంగలని వాడు నిప్పులు కక్కుతూ రాసిన కవిత తెల్లారేసరికి లేదు. 'దొంగలు' అనే మాటకు ముందు 'కొందరు' అని లేనందున తొలగించడమైనదట. "ఇది వేదిక గాదే అన్నా, జైలు!" అని రాకేష్ నా దగ్గర పళ్ళు కొరికాడు. వాడికి వంత పాడినవాళ్ళలో నేనూ ఉన్నాను, అబద్ధమెందుకు.

ఇలా జరుగుతుండగా ఊర్మిళ కథ వచ్చింది.

ఊర్మిళ మిర్యాలగూడలో ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. నెమ్మదైన మనిషి, సభలకొస్తే చివరి వరసలో కూర్చుని ముందుగా వెళ్ళిపోయేది. ఆమె రాసిన కథ పేరు 'మే నెల పంతులమ్మ'. ప్రైవేటు బడుల్లో ఎండాకాలం సెలవులు పిల్లలకే గానీ పంతుళ్ళకు కాదు కదా. పాంప్లెట్లు పట్టుకుని వాడవాడా తిరిగి కొత్త అడ్మిషన్లు తేవాలి. కథలో పంతులమ్మ అలా తిరుగుతూ ఒక ఇంటి గేటు తీస్తుంది, కుక్క వచ్చి పిక్క పట్టుకుంటుంది. దవాఖానా నుంచి ఏడుస్తూ ఫోన్ చేస్తే కరస్పాండెంటు అడిగే మొదటి మాట: "ఇంతకు ఆ ఇంట్ల పిల్లలెంతమంది?"

ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తూ చదివాను. పగలబడి నవ్వాను, వెంటనే మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళలో మా గ్రూపులోకి వచ్చిన అసలైన కథ అదే. శెభాష్ అని టైపు చేసేలోపు మాయమైపోయింది.

"సభ్యులకు విజ్ఞప్తి. సదరు కథ తొలగించడమైనది. కారణం: కుక్కల మనసు నొచ్చును."

ఇక చూడండి నా సామిరంగా! గ్రూపు భగ్గుమంది. "ఆడమనిషి పిక్క కన్న కుక్క పరువు ఎక్కువైందా?" అని రాకేష్ గర్జించాడు. నలుగురైదుగురు నిరసనగా తమ ఫోటోలు తీసేసి కుక్క బొమ్మలు పెట్టుకున్నారు. ఊర్మిళ మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. పాపం, అవమానంతో కుంగిపోయిందనుకున్నాం. విచిత్రంగా సార్ కూడా మాట్లాడలేదు. మామూలుగా అయితే కుక్కల తరఫున గంట వాదించే మనిషి!

రాకేష్ 'హద్దుల్లేని కలం' అని వేరే గ్రూపు పెట్టాడు. ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు, తీసేసే ప్రసక్తే లేదు. మొదట కవితలు వచ్చాయి. తర్వాత హైవే పక్కన ప్లాట్లు అమ్మబడును అని వచ్చింది. ఆపైన మోకాళ్ళ నొప్పుల నూనె వచ్చింది. ఆపైన రెండు పార్టీలవాళ్ళు చేరి ఒకరి తాతల్ని ఒకరు తవ్వి తీశారు. వారం తిరక్కుండానే రాకేష్ తల పట్టుకుని, 'అడ్మిన్ మాత్రమే మెసేజీలు పంపగలరు' అని తాళం వేసేశాడు. హద్దుల్లేని కలంలో కలం ఒక్కటే మిగిలింది, అది వాడిది.

దాంతో అందరూ మళ్ళీ పాత గ్రూపు మీదే పడ్డారు. సైదయ్యను అధ్యక్ష పదవి నుంచీ అడ్మిన్ పని నుంచీ తొలగించాలని వార్షిక సభలో తీర్మానం పెట్టడానికి నిర్ణయమైంది. నేను సార్‌కి ఫోన్ చేశాను.

"సార్, ఈసారి మిమ్మల్ని దించేసేలా ఉన్నారు. ఎందుకు తీశారో సరిగ్గా చెప్పండి, నేను సర్ది చెబుతాను."

"కుక్కల గురించి చెప్పిన గదా!"

"సార్!"

"బస్సెక్కినోడు యాడనో ఓ దగ్గర దిగాల్సిందే బాలాజీ. నువ్వు పరేషాన్ గాకు." మాటలు అవే గానీ గొంతులో మునుపటి మైకు లేదు. ఆ గ్రూపంటే ఆయనకు ప్రాణం. ఎవరికి అవార్డు వచ్చినా, ఎవరింట్లో చావు జరిగినా మొదటి బస్సుకి వెళ్ళే మనిషాయన. ఆ పని లేకపోతే ఏమైపోతాడో అని నాకు బెంగ పట్టుకుంది.

సూర్యాపేటలో ఒక టిఫిన్ సెంటర్ పైన హాల్లో సభ. కింద నుంచి దోశల వాసన, పైన మా కోపాలు. రాకేష్ తీర్మానం చదివాడు. "సార్, మీరేమన్న చెప్తరా?" అని అడిగాడు.

"చెప్పేదేం లేదు తమ్మీ. చేతులెత్తుమను."

చేతులు లేవబోతుంటే చివరి వరసలోంచి ఊర్మిళ లేచింది. "ఆగుండ్రి. నా కథ సార్ అంతట సార్ తీయలే. నేనే తీయమన్న."

హాలంతా వెనక్కి తిరిగింది.

"కథ పెట్టినంక యాదికొచ్చింది, మా కరస్పాండెంట్ సార్ బామ్మర్ది గ్రూపుల ఉన్నడని. నౌకరీ పోతదని భయం బట్టింది. తీసేద్దామని గాబరాల నొక్కితే 'డిలీట్ ఫర్ మీ' మీద పడ్డది. నా ఒక్కదాని ఫోన్ల పోయి, మీ అందరి ఫోన్లల్ల ఉన్నది! ఇగ అది అడ్మిన్ తప్ప ఎవ్వరు తీయరాదు. ఏడ్సుకుంట సార్‌కు ఫోన్ జేసిన. సార్ ఒక్క ముక్క అడగలే. ఎందుకు తీసిండ్రంటే ఏం జెప్తరు సార్ అంటే, 'కథల కుక్క ఉన్నది గదమ్మా, దాని మీదికి తోస్త' అన్నడు."

గీత మెల్లగా గొంతు సవరించుకుంది. "నాది గూడ గంతే. నేను కథ పెట్టిన పొద్దే మా అత్త కొత్త ఫోన్ కొన్నది. గ్రూపుల జేర్పియ్యమని నాకే ఇచ్చింది."

ఉపేందర్ తల దించుకునే చెయ్యెత్తాడు. "నేను ఆ పొద్దు జరంత తాగి రాసిన. పేరుకు వాన అని పెట్టిన గని, అది వాన మీద గాదు."

"మరెవరి మీద?" అన్నాను నేను.

"అడగకుండ్రి అన్నా."

రాకేష్ చేతిలో తీర్మానం కాగితం మడతలు పడుతోంది. "సార్, నా సంగతి..." అని గొణిగాడు.

"ఏం సంగతి? నాకేం యాది లేదు తమ్మీ" అన్నారు సార్.

వాడు మంచివాడే. మొహం ఎర్రబడుతుండగానే చెప్పేశాడు. "తెల్లారి నాకు సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఉండె. నేనే తీయమని బతిమిలాడిన."

"మరి ఇన్నేళ్ళూ మా చేత తిట్లు ఎందుకు తిన్నారు సార్?" అని అడిగాను.

సార్ నొచ్చుకున్నట్టు చూశారు. "మాట అన్నోనిది బాలాజీ. అనెటందుకు ఎంత హక్కున్నదో, ఎనక్కి తీస్కునెటందుకు గూడ గంతే ఉన్నది. భయపడి తీసిండంటే మనిషి ఇజ్జత్ పోతది. సైదయ్య తీసిండంటే నన్ను తిట్టి ఊకుంటరు. బస్సు లేటయితే డ్రైవర్ను ఎవడు తిట్టిండు? మైకుల చెప్పెటోన్నే తిట్టిండ్రు. నాకలవాటే."

"మరి నా చంద్రుడు? నేను తీయమని అడగలేదే!"

సార్ తల గోక్కున్నారు. "నీదొక్కటి నేనే తీసిన. ఏమనుకోకు, జర బాగలేకుండె."

నా భావప్రకటనా స్వేచ్ఛ మీద అంత దాడి జరిగితే ఒక్కడూ ఖండించలేదు. పైగా హాలంతా చప్పట్లు. సార్ మాత్రం చేతులు జోడించి తప్పయిందన్నారు. నేను ఆ కవిత మళ్ళీ గ్రూపులో పెట్టుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవరూ చదవడం లేదు.

ఊర్మిళ ఇంకా నిలబడే ఉంది. "సార్, ఇప్పుడు చదువుత."

"బిడ్డా, మంచిగ ఆలోచించినవా? ఆ ప్రేమ్‌కుమార్ గీడనే ఉన్నడు." ప్రేమ్‌కుమార్ అంటే ఆ కరస్పాండెంటు బామ్మర్ది. మా గ్రూపులో పద్యాలు రాస్తాడు, బావ స్కూల్లో మేనేజరు. ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఉన్నడనే చదువుతున్న సార్. నా భయానికి మిమ్మల్ని గద్దె దించుతుంటే నాకు అన్నం దిగుతలేదు."

చదివింది. మొదట గొంతు వణికింది, కుక్క వచ్చేసరికి నిలబడింది. చివరికి "ఇంతకు ఆ ఇంట్ల పిల్లలెంతమంది?" అనేసరికి హాలు పైకప్పు లేచిపోయింది. ఆ నవ్వుల మధ్య ప్రేమ్‌కుమార్ లేచాడు. అందరం బిగుసుకుపోయాం. ఆయన ఊర్మిళ ముందుకెళ్ళి, వంగి, తన ప్యాంటు మోకాలి దాకా ఎత్తాడు.

"సూడమ్మా. పోయిన మే నెల మా బావ నన్ను గూడ పాంప్లెట్లిచ్చి తోలిండు. మేనేజర్నని ఆ కుక్కకేం ఎరుక?"

తీర్మానం ఏమైందో ఎవరూ అడగలేదు. రాకేష్ దాన్ని దోశ పొట్లం కింద వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఊర్మిళ కథ గ్రూపులోకి తిరిగొచ్చింది, అక్కడి నుంచి మిర్యాలగూడ అంతా తిరిగింది. రెండు మూడు రోజులకు నేను పని మీద సూర్యాపేట వచ్చి, సార్‌తో కలిసి బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. కరస్పాండెంటు. సార్ స్పీకర్ పెట్టారు.

"సైదయ్య గారూ, మీరు అన్నీ డిలీట్ చేస్తారని జిల్లా అంతా చెప్పుకుంటారు. ఆ కుక్క కథ కూడా తీసెయ్యండి. నా మనసు నొచ్చింది."

"అయ్యో, నొచ్చిందా సార్? రాసినోళ్ళు అడిగితే నిమిషంల తీస్త. సదివినోళ్ళు అడిగితే తీసే బటన్ నా ఫోన్ల లేదు."

"అది నా గురించే రాసింది! రేపే దాన్ని ఉద్యోగంలోంచి తీసేస్తా."

"కథల ఊరి పేరు లేదు, బడి పేరు లేదు. ఆ మనిషి మీరే అని మీ నోటితోని మీరే అంటున్నరు. ఆమెను తీసేస్తే ఊరంత గూడ గదే అంటది. మీ ఇష్టం సార్."

అటువైపు ఫోన్ కట్టయింది.

సార్ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళారు. చాయ్ సగం చొక్కా మీదే పడింది.

"అదేంటి సార్, అంత ధైర్యంగా మాట్లాడి?"

"ధైర్యం యాడిది బాలాజీ! నాకు పుట్టినప్పటి సంది భయమే. గందుకే భయపడేటోళ్ళ గోస నాకు తెలుసు" అని నవ్వి, చొక్కా దులుపుకున్నారు. అప్పుడు ఆ పెద్దమనిషి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. పెడితే అందరూ చూస్తారని ఇంకో చాయ్ చెప్పాను.

ఊర్మిళ ఉద్యోగం ఊడలేదు. పైగా ఈ మే నెలలో టీచర్లను నడిపించకుండా ఒక ఆటో మాట్లాడారట. ప్రేమ్‌కుమార్ డ్రైవర్ పక్కన కర్ర పట్టుకుని కూర్చుంటున్నాడట, ప్రతి గేటు దగ్గరా ముందు ఆయనే దిగుతున్నాడట. ఈ సంగతి చెప్పగానే సైదయ్య సార్ పడీ పడీ నవ్వారు. కళ్ళు తుడుచుకుని, "ఆ ఆటో మీద గూడ ఓ కథ రాయమను బిడ్డను" అన్నారు.